ఎదుటివాడు ఒప్పుకుంటేనే

అవార్డు అనే మాటకు మా కరీంనగర్ ప్రాంతంలో రెండర్థాలున్నాయి. మొదటిది మీ అందరికీ తెలిసిందే. శాలువా, పూలదండ, జ్ఞాపిక, ఫోటో, చివర్న వందన సమర్పణ. రెండోది గోదావరిఖని వైపు వెళితే వినిపిస్తుంది. "ఇంకా అవార్డు రాలేదమ్మా!" అని ఎవరైనా నిట్టూర్చారంటే ఆయనెవరో కవిగారో, నాటకాలాడే ఆయనో అనుకునేరు. ఉద్యోగం పోగొట్టుకుని లేబర్ కోర్టు చుట్టూ తిరుగుతున్న కార్మికుడన్న మాట. కార్మిక వివాదాల్లో వచ్చే తీర్పును చట్టం భాషలో అవార్డు అనే అంటారు.

ఈ రెండు అవార్డులూ ఒక మనిషి దగ్గర కలుసుకుంటాయి. ఆయనే కంపెనీ వకీలు. కార్మికులు వేసిన కేసుల్లో యాజమాన్యం తరఫున వాదించే న్యాయవాది. రెండో రకం అవార్డు కార్మికుడికి రాకుండా చేసినందుకు ఆయనకు మొదటి రకం అవార్డు ఇవ్వవచ్చునా? ఇస్తే దేన్ని చూసి ఇవ్వాలి? ఇదీ నా ప్రశ్న.

"నవలలు రాసుకునేదానివి, నీకెందుకే ఈ కోర్టు గొడవలు?" అంటారు మావారు. నవలలు రాసేదాన్ని గనకే అడుగుతున్నాను. మన కథల్లో, సినిమాల్లో కంపెనీ వకీలుకు ఒకటే వేషం. బంగారు ఫ్రేము కళ్ళజోడు, మిల్లు యజమాని పక్కన మెత్తటి సోఫా, పెదవి చివర ఒక వంకర నవ్వు. కార్మికుడి వకీలుకేమో అరిగిన చెప్పులు, మండే కళ్ళు. చదివేవాళ్ళకు సుఖం, రాసేవాళ్ళకు మరీ సుఖం. కానీ లోకం అంత సులువుగా రెండు ముక్కలవుతుందా?

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. యజమానికీ వకీలు కావాలి. ఖూనీ చేశాడని పట్టుకొచ్చినవాడికి సైతం లాయరు ఉండాలంటాం. తాను ప్రాక్టీసు చేసే కోర్టులో తన స్థాయికి తగ్గ ఫీజుతో వచ్చిన కేసును మామూలుగా కాదనకూడదని న్యాయవాదులకు బార్ కౌన్సిల్ 1975లోనే నియమం పెట్టింది. అలాంటప్పుడు ఫ్యాక్టరీ యజమాని పక్కన నిలబడ్డాడని ఒక లాయరును వెలివేసినట్టు చూడడం న్యాయం కాదు.

బొగ్గు బావుల సంగతే చూడండి. బావిలోకి దిగేవాడు బీడీలూ అగ్గిపెట్టే వెంట తీసుకుపోకూడదన్నది గనుల భద్రత నియమం. భూమి అడుగున ఎక్కడ మండే వాయువు పోగుపడి ఉంటుందో తెలియదు. ఒక్క అగ్గిపుల్ల చాలు, ఆ షిఫ్టు మొత్తం పైకి రాకుండా పోవడానికి. మళ్ళీ మళ్ళీ ఈ పని చేసి పట్టుబడ్డవాణ్ణి యాజమాన్యం తీసేసిందనుకోండి. ఆ నిర్ణయాన్ని కోర్టులో నిలబెట్టే వకీలు ఎవరి తరఫున వాదిస్తున్నట్టు? వకాలత్ మీద కంపెనీ పేరే ఉంటుంది. కానీ ఆయన కాపాడుతున్నది అదే బావిలో దిగే తక్కిన వందలమందిని. వాళ్ళూ కార్మికులే.

యజమానులంతా మేడల్లో ఉండేవాళ్ళూ కారు. సిరిసిల్లలో నాలుగు సాంచాలు పెట్టుకుని సేటు దగ్గర నూలు తెచ్చి నడుపుకునే ఆసామి కూడా చట్టం దృష్టిలో యజమానే. లేబరాఫీసు నుంచి నోటీసొస్తే ఆయన చెయ్యి కూడా వణుకుతుంది. ఆయనకు నాలుగు మాటలు తెలియజెప్పే వకీలు దొరకడం పుణ్యమే.

కాబట్టి కంపెనీ వకీలుకు గౌరవం ఇవ్వకూడదనే వాళ్ళతో నేను ఏకీభవించను. నా పేచీ అంతా ఆ గౌరవం కొలిచే తూకంతో.

ఒకసారి ఒక సన్మాన సభకు వెళ్ళాను. ఊరూ పేరూ ఎందుకు లెండి. యాజమాన్యాల కేసుల్లో దిట్ట అని ఒక వకీలుగారికి శాలువా కప్పుతున్నారు. పొగడడానికి లేచిన పెద్దమనిషి, "వీరు చేపట్టిన కేసు పదేళ్ళయినా తెమలదు, ఎదుటి పార్టీ అలిసిపోవలసిందే!" అన్నారు. హాలంతా చప్పట్లు! పొగడ్త ఏది, తిట్టు ఏది అని నేను దిక్కులు చూస్తున్నాను. డాక్టరుగారికి సన్మానం చేస్తూ, "వీరి చేతిలో పడితే జ్వరం పదేళ్ళు తగ్గదు" అంటే చప్పట్లు కొడతామా?

మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఉంది. భర్తను ఒక ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేశారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ఒకరోజు మిషను తొక్కుతూనే నాతో అంది: "అక్కా, కోర్టుల తారీఖు పడితె కాయిదం మీద రాస్తరు. గదే తారీఖు మా ఇంట్ల కిరాణం సేటు బుక్కుల రాస్తడు." నేను రాసిన నవలలన్నీ పక్కన పెట్టినా ఆ ఒక్క మాటకు సరితూగవు. కోర్టులో వాయిదా అంటే ఇంట్లో ఉద్దెర. కంపెనీ ఫైలులో అది ఒక అట్టపేజీ. ఆవిడ ఇంట్లో మొదట పిల్లవాడి ఫీజు, తర్వాత చెవి కమ్మలు, ఆఖరికి పుస్తెలతాడు. కంపెనీకి కాలం ఖర్చు కాదు, కార్మికుడికి కాలమే ఖర్చు. ఈ తేడాను ఆయుధంగా వాడుకోవడాన్ని మనం సామర్థ్యం అని పిలుస్తున్నాం.

ఇది నా ఒక్కదాని ఆవేశం అనుకోకండి. సుప్రీంకోర్టే 1983లో గట్టిగా మందలించింది. ఢిల్లీ కేసొకటి. 1969లో ఉద్యోగం పోయిన ఒకాయన కోర్టుకెక్కాడు. తీసెయ్యడం న్యాయమా కాదా అని తేల్చడం మాట అటుంచి, అసలు ఈయన చట్టం చెప్పిన 'వర్క్‌మన్' అవునా కాదా అన్న ప్రశ్నతోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. 1983 వచ్చినా వ్యవహారం ఆ గడప దగ్గరే ఉంది. తీర్పు రాసిన ధర్మాసనంలోని జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన తెలుగువారు. వివాదం అసలు విషయానికి రాకుండా కొందరు యజమానులు పన్నే ఎత్తులు తగనివని ఆయన విచారపడ్డారు. ఇలాంటి ముందస్తు అభ్యంతరాలను విడిగా తేల్చుకుంటూ కూర్చోవద్దు, అన్నీ కలిపి ఒకేసారి విచారించి తీర్పు చెప్పండి అని ట్రిబ్యునళ్ళకు హితవు చెప్పారు. ఆ ఎత్తులు యజమాని బుర్రలో పుట్టేవి కావు కదా? పత్తి, కాగితం, బొగ్గు తెలిసినవాడికి 'ముందస్తు అభ్యంతరం' అనే మాట ఎవరు నేర్పారంటారు?

చట్టమూ చూస్తూ ఊరుకోలేదు. తప్పుకు మించిన శిక్ష పడిందనిపిస్తే దాన్ని తగ్గించే అధికారం 1971లో వచ్చిన సవరణతో లేబర్ కోర్టులకు దక్కింది. కార్మికుణ్ణి తిరిగి తీసుకోమన్న తీర్పు మీద యజమాని హైకోర్టుకో, సుప్రీంకోర్టుకో వెళితే, వేరే పని దొరకని ఆ కార్మికుడికి అక్కడ కేసు తేలేవరకూ ఆఖరున తీసుకున్న జీతం చొప్పున ఇస్తూ ఉండాలన్న నిబంధన 1984లో అమలుకొచ్చింది. ప్రభుత్వం కేసును కోర్టుకు పంపేదాకా గుమ్మంలో కాచుకోనక్కర్లేకుండా, ఉద్యోగం పోయినవాడు నేరుగా లేబర్ కోర్టుకు పోవచ్చునని అప్పటి మన ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరణ చేసుకుంది. దేశం మొత్తానికి అలాంటి వీలు 2010లో గాని రాలేదు. ఆ ఒక్క విషయంలో మనం దేశానికి పెద్దన్నలం. ఇన్ని సవరణల సారాంశం ఒకటే: ఆలస్యం అనేది వాదన కాదు. మరి చట్టం ఇన్నిసార్లు మూసిన కంతను మళ్ళీ తవ్వినవాడికి శాలువా ఏమిటి?

ఇంకో సంగతి. కార్మికుడికీ యాజమాన్యానికీ వచ్చే తగువు పొలం గట్టు తగువు లాంటిది కాదు. గట్టు తగువులో ఓడినవాడు మొహం చాటేసుకుని బతకవచ్చు. ఇది ఆలుమగల తగువు లాంటిది. తీర్పు వచ్చిన మర్నాడు ఇద్దరూ మళ్ళీ ఒకే చూరు కింద పని చేసుకోవాలి. ఆ చూరే కూలిపోతే ఎవరు గెలిచి ఏం లాభం? రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో ఆగిపోయింది. మళ్ళీ కొత్త ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టేసరికి 2021 వచ్చింది. కాగజ్‌నగర్‌లో సిర్పూరు పేపరు మిల్లు 2014లో మూతపడితే 2018లో కొత్త యాజమాన్యం చేతికి వెళ్ళింది. అవి మూతపడ్డ కారణాలు వేరు, వాటిని లాయర్లకు అంటగట్టను. కానీ గొట్టంలోంచి పొగ రాని ఊరెలా ఉంటుందో మా ప్రాంతం వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఇక్కడ వాదించేవాడు గెలుపుతో పాటు రేపటి పొద్దును కూడా చూడాలి.

మన వి.వి. గిరిగారు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ఆయన ఐర్లండులో లా చదివి వచ్చి కార్మిక నాయకుడైనవారు. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, తగువులను కోర్టుకు లాగడం కంటే ఇరు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని పట్టుబట్టారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో మంత్రి పదవినే వదులుకున్నారు. అది కూడా మనం మరచిన సన్మానార్హతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 36వ సెక్షను ఒకటుండేది. రాజీ చర్చల్లోకి వకీళ్ళు అసలు రానే కూడదని చెప్పింది. లేబర్ కోర్టులోనో, ట్రిబ్యునల్లోనో రావచ్చు గాని, ఎలా? కోర్టు అనుమతించాలి, ఎదుటి పక్షం ఒప్పుకోవాలి. మరోసారి చదవండి. ఎదుటి పక్షం ఒప్పుకోవాలి! నేను బి.ఏ. చదివినదాన్నే గాని లా చదవలేదు. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. నల్ల కోటు వేసుకుని, పట్టా పుచ్చుకుని, యాభై కేసులు చేతిలో ఉన్న పెద్ద వకీలుగారు లోపలికి రావాలంటే, పనిపోయి చినిగిన చొక్కాతో నిలబడ్డ కార్మికుడు "సరే, రానీయండి" అనాలి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఎన్నో మార్చిన ఆ కోడ్ కూడా ఈ షరతును మాత్రం తీసెయ్యలేదు.

దీనికీ దొడ్డిదారి ఉంది లెండి. యజమానుల సంఘంలో లాయరుగారు కార్యవర్గ సభ్యుడైతే, లాయరుగా కాక సంఘం ప్రతినిధిగా లోపలికి రావచ్చు. అప్పుడు ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. పారాదీప్ పోర్టు ట్రస్టు కేసులో 1976లో సుప్రీంకోర్టు ఆ దారి సరైనదేనంది. యూనియన్‌లో పదవి ఉన్న లాయరుకూ అదే దారి తెరిచింది. తీర్పును తప్పుపట్టేంత దాన్ని కాను. ఆచరణలో ఇరువైపులా వకీళ్ళుంటే ఎవరూ అడ్డు చెప్పకపోవడమూ మామూలే. కానీ చట్టం రాసినవాళ్ళ మనసులో ఏముందో ఆలోచించండి. ఈ గుమ్మం దగ్గర బలవంతుడు బలహీనుణ్ణి అడిగి లోపలికి రావాలని వాళ్ళు కోరుకున్నారు. అంత అందమైన మాట మన చట్టాల్లో ఎన్ని చోట్ల ఉంది?

అందుకే అంటున్నాను. కంపెనీ వకీలుకు గౌరవం ఇవ్వదలిచిన వాళ్ళు ఆయన ఎన్ని కేసులు గెలిచాడని అడగవద్దు. ఎదుటి పక్షాన్ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "మళ్ళీ తగువొస్తే, అవతలివైపు ఈయనే వస్తానంటే మీరు ఒప్పుకుంటారా?" ఓడిపోయిన కార్మికుడు సైతం, "ఈయనైతే సరే. మాట కటువుగా అన్నడు గాని అబద్ధం ఆడలె, తారీఖులు సాగదియ్యలె" అంటే, ఆ వకీలుకు నేనే స్వయంగా దండ వేస్తాను.

అలాంటివాళ్ళు లేరంటారా? ఉన్నారు. మా నాన్నగారికి పరిచయమున్న ఒక వకీలుగారు యాజమాన్యాల కేసులే చూసేవారు. మేనేజరు ఫైలు పట్టుకుని రాగానే మూడు ప్రశ్నలు వేసేవారట. చార్జిషీటు అతనికి చదవడం వచ్చిన భాషలో ఇచ్చావా? మీ సాక్షులను అతను ప్రశ్నించడానికి అవకాశమిచ్చావా? తీసెయ్యబోయే ముందు అతని పాత సర్వీసు ఒకసారి చూశావా? మూడింటికీ అవునంటే కేసు పట్టి గట్టిగా పోరాడేవారు. ఒక్కదానికి నీళ్ళు నమిలినా, "పోయి వాణ్ణి పన్లోకి తీస్కో పో. నా ఫీజు, నీ పరువు రెండూ మిగుల్తయి" అనేవారట. ఆయనకు ఎవరూ శాలువా కప్పలేదు. ఎలా కప్పుతారు? కోర్టుకే రాని కేసుకు నంబరుండదు. నంబరు లేనిది గెలుపుల లెక్కలోకి రాదు. కానీ ఆ లెక్కకు రాని కేసుల వల్ల ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి ఆరకుండా ఉందో!

"వకీలు తన క్లయింటు మేలు చూడాలి గాని ఎదుటివాడి మెప్పు కోసం ప్రాకులాడడమేమిటి?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. క్లయింటు మేలు చూడమనే నేనూ అంటున్నాను. పదేళ్ళు కేసు సాగదీసి, చివరికి ఓడి, పదేళ్ళ జీతం ఒక్కసారి కట్టవలసి వస్తే అది యజమానికి మేలా? ఒకడికి అన్యాయం జరిగిందని మిల్లులో తక్కిన వాళ్ళంతా గొణుక్కుంటూ పనిచేస్తే అది మేలా? నిజం చెప్పేవాడే క్లయింటుకు ఆప్తుడు. ఊ కొట్టేవాడు కాడు.

"మరి కార్మికుల వకీళ్ళంతా సత్యహరిశ్చంద్రులా?" అంటారేమో. కారు. రాజీకి వచ్చిన మంచి మాటను తన పేరు కోసం చెడగొట్టేవాడు అటువైపూ ఉంటాడు. వాళ్ళకూ ఇదే తూకం. కంపెనీ మేనేజరు, "ఈయన వస్తే మాకు చెమటలు పడతాయి, కానీ మాట మీద నిలబడతాడు" అంటేనే దండ. తూకం ఒక్కటే ఉండాలి, తక్కెడ రెండువైపులా.

న్యాయవాదులకు అసలైన గుర్తింపు సీనియర్ అడ్వకేటు హోదా. సామర్థ్యం, బార్‌లో నిలువ, చట్టంలో ప్రత్యేక జ్ఞానం లేక అనుభవం చూసి సుప్రీంకోర్టు, హైకోర్టులు ఇస్తాయి. 2017లో సుప్రీంకోర్టు దానికి పరీక్షలాగా మార్కులు పెట్టింది. ఏ యే చట్టాల్లో ప్రావీణ్యం చూడాలో ఉదాహరణగా ఒక వరుస చెప్పింది. అందులో అంతర్రాష్ట్ర జలవివాదాలున్నాయి, కంపెనీ చట్టముంది, కుటుంబ చట్టముంది, మహిళలకు సంబంధించిన చట్టముంది. కార్మిక చట్టం పేరు మాత్రం 'మొదలైనవి' అన్న మాట వెనక దాక్కుంది! 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మార్కుల పద్ధతినే తీసేసింది. మార్కులు పోయాయి గాని, ఎవరు అర్హులన్న ప్రశ్న పోలేదు. నివేదికల్లో అచ్చయిన తీర్పులు చూస్తే వాదించి గెలిచినవాడే కనిపిస్తాడు. వాదన అవసరం లేకుండా చేసినవాడు ఎక్కడ కనిపిస్తాడు?

అమెరికాలో ఏటా న్యాయవాదుల జాబితాలు అచ్చువేసి, యాజమాన్యం తరఫువారు వేరు, యూనియన్ తరఫువారు వేరు అని వరుసలు కడతారు. అక్కడే 1995లో మొదలైన కార్మిక న్యాయవాదుల కళాశాల ఒకటుంది. పేరుకు కళాశాలే గాని పాఠాలుండవు, అది గౌరవ సంస్థ. అందులో యాజమాన్యం లాయర్లు, యూనియన్ లాయర్లు, మధ్యవర్తులు ఒకే బల్ల చుట్టూ ఉంటారు. నాకు జాబితాల కంటే ఆ బల్ల నచ్చింది. మనవాళ్ళకు ప్రకటనలు నిషేధం గనక జాబితాల బెడద లేదు. బల్ల వేసుకోవడానికి మాత్రం ఏ నిషేధమూ లేదు.

గుర్తింపు అనేది పోయినవారికి చేసే శ్రాద్ధం కాదు. వచ్చేవారికి చెప్పే పాఠం. నిన్న నల్ల కోటు తొడుక్కున్న కుర్రవాడు సభలో వెనక బెంచీన కూర్చుని చూస్తుంటాడు. దేనికి చప్పట్లు పడితే దాన్నే నేర్చుకుంటాడు. పదేళ్ళ వాయిదాలకు చప్పట్లు కొడితే, రేపు పదిహేనేళ్ళ వాయిదాలు నేర్చుకుని వస్తాడు. అప్పుడు వాణ్ణి తిట్టి లాభం లేదు. నేర్పింది మనం.

కాబట్టి సన్మాన సంఘాల అధ్యక్షులకూ, బార్ అసోసియేషన్ల పెద్దలకూ ఒక విన్నపం. ఈసారి యాజమాన్యాల వకీలుకు శాలువా కప్పదలిస్తే తప్పకుండా కప్పండి. కానీ వేదిక మీద రెండో కుర్చీ వేసి, ఆయన మీద ఓడిపోయిన ఒక కార్మికుణ్ణి పిలిచి కూర్చోబెట్టండి. ఆ శాలువా అతని చేత కప్పించండి. పిలిస్తే అతను వస్తాడా రాడా అన్నది ముందే కనుక్కోండి. రానంటే సభ వాయిదా వెయ్యండి. ఆ ఒక్క వాయిదాకు మాత్రం నేనూ చప్పట్లు కొడతాను.